సీసా వెనక నల్ల పలక

సీసాను మెడ దగ్గర పట్టుకోవాలి. అడుగున పట్టుకుంటే వేలు అడ్డొస్తుంది. ఊపకూడదు, బుడగలు లేస్తాయి. మెల్లగా తిప్పాలి. తెల్ల పలక ముందర పెట్టి ఐదు సెకన్లు చూడాలి, తర్వాత నల్ల పలక ముందర ఇంకో ఐదు సెకన్లు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే బస్సులో మీ పక్కన కూర్చున్న అమ్మాయి ఇదంతా చేసి చూపిస్తోంది. ఆమె చేతిలో ఉన్నది టీకా సీసా కాదు, మీ సంచిలోంచి తీసిచ్చిన హోమియో చుక్కల మందు. తెల్ల పలకకు బదులు ఆమె చున్నీ, నల్ల పలకకు బదులు ఒళ్ళో ఉన్న టిఫిన్ సంచి. చున్నీ ముందు పెట్టింది. తేట నీళ్ళు, ఏమీ లేదు. సంచి ముందుకు జరిపింది. సీసా నడుమ ఒక సన్నటి తెల్ల పోగు తిరుగుతూ తిరుగుతూ కిందికి దిగుతోంది. ఎప్పుడో మూత తీసినప్పుడు పడ్డ దూది కావచ్చు.

“ఇందాక కూడా ఉంది,” అంటుంది అమ్మాయి. “తెల్లదాని ముందు తెల్లది కనబడదు కదా. అందుకే రెండు పలకలు.”

ఆమె పని అదే. శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీలో ఒక టీకాల ప్లాంటులో సీసాలు చూస్తుంది. కంటి పరీక్ష పాసైతేనే ఆ బల్ల దగ్గర కూర్చోనిస్తారు, అదీ మధ్యమధ్యలో కళ్ళకు విరామమిస్తూ. ఇవాళ కంపెనీ బస్సు తప్పిపోయింది, అందుకని ఆర్టీసీ ఎక్కింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. 2023 డిసెంబర్ 9 నుంచి ఈ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. మీరు మగవారైతే టికెట్ తీసుకోండి, చిల్లర సరిగ్గా ఇవ్వండి.

సోమవారం పొద్దున. కిటికీలోంచి వచ్చే గాలి ఇంకా చల్లగానే ఉంది. ఒకవైపు కోళ్ళ ఫారాలు, ఫంక్షన్ హాళ్ళు, రాళ్ళు పాతి గీతలు గీసిన ప్లాట్లు. ఇంకోవైపు దూరంగా, ఎత్తున, ఔటర్ రింగు రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. అవి శంషాబాద్ విమానాశ్రయం వైపు కూడా పోతాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, సాయంత్రం పనికొస్తుంది.

ముందు సీట్లోని పెద్దావిడ ఇప్పటిదాకా సీసా వైపే తిరిగి చూస్తోంది. యాభై ఐదేళ్ళుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. అంతాయిపల్లి ఎక్కడ దిగాలని అడుగుతుంది. అక్కడే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కలెక్టరేట్. సోమవారం కదా, ప్రజావాణి.

“అర్జీ ఇయ్యనీకె పోతున్న బిడ్డా. మా చెల్లె బిడ్డ మస్కట్ల ఉన్నది. ఫోన్ గుంజుకున్నరు. మాట్లాడక నెల దాటింది.”

కవరులోంచి కాగితం తీసి మీకిస్తుంది. చదవమని కాదు, సరిగ్గా రాశారో లేదో చూడమని. మేడ్చల్‌లో జిరాక్స్ షాపు అబ్బాయి టైపు చేసి ఇచ్చాడట. వెనక పాస్‌పోర్టు జిరాక్స్. పుట్టిన తేదీ లెక్కేస్తే ఆ అమ్మాయికి ఇరవై ఆరు.

“ముప్పై నిండనిదే పోనియ్యరట గదా,” అంటుంది పెద్దావిడ. “ఏజెంటు విజిట్ వీసా తీసిండు. దుబాయి చూసొచ్చెటోళ్ళ లెక్క పో, గాడ మా మనిషి ఉంటడు అన్నడు. ఆడికెల్లి మస్కట్ తోల్కపోయిన్రు. ఇంట్ల పని. ఇప్పుడు ఇడిసిపెట్టి పోదామంటే కల్లివెల్లి అయితదని భయం.”

కల్లివెల్లి. అరబ్బీ మాట, మన ఊళ్ళల్లోకి వచ్చి స్థిరపడింది. యజమానిని వదిలేసి, కాగితాలు లేకుండా తిరిగే మనిషి అని అర్థం. ఖఫీల్ (యజమాని), అకామా (నివాస అనుమతి), ఖద్దామా (ఇంటి పనిమనిషి), ఇవన్నీ కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో చదువుతో పనిలేకుండా అందరికీ తెలిసిన మాటలు. మనం కూర్చున్న ఈ బస్సు రెండు గల్ఫ్ దారుల మధ్య అడ్డంగా పోతోంది. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి కామారెడ్డి, నిజామాబాద్ దారి. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి సిద్దిపేట, కరీంనగర్ దారి. మేడ్చల్ స్టేషన్ నుంచి రైలు పట్టా నిజామాబాద్ మీదుగా మన్మాడ్ దాకా పోతుంది. అక్కడ మారితే బొంబాయి. ఒక తరం మగవాళ్ళు ఆ పట్టా మీదుగానే ఎడారికి చేరారు. ఆడవాళ్ళూ పోయారు. వాళ్ళ లెక్క తక్కువగా రాశారు, అంతే.

పెద్దావిడ కూడా పోయి వచ్చిందే. కువైట్‌లో ఆరేళ్ళు. “నేను పోయిన్నాడు గిన్ని రూల్స్ లెవ్వు,” అంటుంది.

ఆ రూల్స్ ఏమిటో చూద్దాం. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్ళు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ పాస్‌పోర్టుతో వెళ్ళేది ఆడమనిషైతే ఇంకో షరతు, వయసు ముప్పై నిండాలి. ఇళ్ళల్లో పనికైతే 2016 నుంచి ప్రభుత్వం ఒప్పుకున్న సంస్థల ద్వారానే వెళ్ళాలి. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్ ఉన్నాయి. చిన్న వయసు పిల్లలు మోసపోకూడదని పెట్టిన షరతు ఇది. పెట్టినవాళ్ళ ఉద్దేశాన్ని నేను అనుమానించను.

ఇప్పుడు దీన్ని టిఫిన్ సంచి ముందు పెట్టి చూడండి. ఇరవై ఆరేళ్ళ అమ్మాయికి అప్పు ఉంది, పిల్లలున్నారు, భర్త ఉన్నా సంపాదన లేదు. ముప్పై దాకా ఆగడం ఆమె వల్ల కాదు. అనుమతి రాదు కాబట్టి అనుమతి అక్కర్లేని దారిన పోతుంది. అనుమతితో పోయినవాళ్ళకు ఒప్పంద పత్రం ఉంటుంది, ఈ-మైగ్రేట్‌లో పేరు ఉంటుంది, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పోయిన ఆడమనిషికి ఇవేవీ లేవు. ఎవరికి రక్షణ ఎక్కువ కావాలో ఆమే రక్షణ బయట నిలబడింది. అదే పల్లెలో అదే పదో తరగతి తప్పిన తమ్ముడు ఇరవై ఒకటో ఏట దర్జాగా ఎయిర్‌పోర్టులో స్టాంపు వేయించుకుని పోయాడు.

విదేశాంగ విధానంలో స్త్రీ దృక్పథం అన్న మాట వినగానే మనకు పెద్ద బల్ల, చిన్న జెండాలు, చీరకట్టులో ఒక రాయబారి గుర్తొస్తారు. అది అవసరమే. కానీ ఈ కవరులోని జిరాక్స్ కాగితం కూడా విదేశాంగ విధానమే. నాకైతే ఇదే ముందు కనిపిస్తుంది.

అంతాయిపల్లి స్టేజీలో పెద్దావిడ దిగింది. అమ్మాయి ఇంకో బండి పట్టుకుని తుర్కపల్లి వైపు పోయింది. మనం మాత్రం జస్టిస్ సిటీకి, అంటే నల్సార్ ప్రాంగణానికి నడుద్దాం. శామీర్‌పేట చెరువు దారిలో కనిపిస్తుంది. నీళ్ళ మీద ఎండ పడుతోంది. పైన హకీంపేట నుంచి లేచిన శిక్షణ విమానం చప్పుడు. మన దేశపు మొదటి ముగ్గురు మహిళా యుద్ధ విమాన పైలట్లు 2016లో జెట్లు నేర్చుకున్నది ఆ స్థావరంలోనే. తలెత్తి చూస్తే తెల్లటి గీత మాత్రం మిగిలి ఉంది.

నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 1998లో పుట్టింది. గేటు దగ్గర పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు, వచ్చిన పని రాయాలి. పని అన్న గడిలో “చదువుకోవడానికి” అని రాయండి. లైబ్రరీలో చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. మూట్ కోర్టుకు తయారవుతున్న ఇద్దరు విద్యార్థినులు ఒకే ల్యాప్‌టాప్ మీదికి వంగి గుసగుసగా వాదించుకుంటున్నారు. మీరు అడగాల్సింది ఏఐఆర్ 1979, సుప్రీంకోర్టు సంపుటం. 1868వ పేజీ తీయండి. సి.బి. ముత్తమ్మ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా.

చిన్న తీర్పు. టీ చల్లారేలోపు చదివేయొచ్చు. కానీ తొందరపడకండి.

ముత్తమ్మ 1924లో కొడగులోని విరాజ్‌పేటలో పుట్టింది. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. నలుగురు పిల్లల్నీ చదివించి తీరాలన్నది తల్లి పట్టుదల. మద్రాసులో కాలేజీ చదువు. సివిల్ సర్వీసు పరీక్ష నెగ్గి 1949లో విదేశాంగ సర్వీసులో చేరింది. ఆ సర్వీసులోకి వచ్చిన మొదటి మహిళ. ఇంటర్వ్యూలో కూర్చున్న పెద్దలు, విదేశాంగం ఆడపిల్లకు తగదని ఆమెను మళ్ళించాలని చూశారు. ఆమె మళ్ళలేదు. చేరేటప్పుడు ఒక హామీ పత్రం మీద సంతకం చేయించుకున్నారు. పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేస్తానని.

అదే రోజుల్లో మన ఊరి సంగతి కూడా చూడండి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, గోవిందరాజులు నాయుడిని పెళ్ళాడి, నాంపల్లి గోల్డెన్ థ్రెషోల్డ్‌లో కాపురమున్న సరోజినీ నాయుడు 1928–29లో అమెరికా అంతా తిరిగి భారతదేశం గొంతు వినిపించి వచ్చింది. 1947 మార్చిలో ఢిల్లీ పురానా ఖిల్లాలో ఆసియా సంబంధాల మహాసభకు అధ్యక్షత వహించింది. ఆ ఏడే విజయలక్ష్మీ పండిట్ మాస్కోకు రాయబారిగా వెళ్ళింది. ఆడవాళ్ళు దేశం తరఫున మాట్లాడగలరా అన్న ప్రశ్న అప్పటికే తీరిపోయింది. అయినా పేరున్న ఇంటి స్త్రీకి తలుపు తీసిన ప్రభుత్వం, పరీక్ష రాసి సొంతంగా నడిచి వచ్చిన అమ్మాయికి మాత్రం షరతు పెట్టింది. మొదటిది గౌరవం, దాన్ని ఇచ్చేవాడు ఇష్టమైతే ఇస్తాడు. రెండోది హక్కు. అక్కడే చేయి వెనక్కి పోయింది.

ఇప్పుడు తీర్పులోని రూల్స్ చదవండి. రెండూ 1961 నాటివి. 8వ రూల్‌లోని రెండో భాగం: విదేశాంగ సర్వీసులోని మహిళ పెళ్ళికి ముందు ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్ళయ్యాక కూడా, ఇంటి బాధ్యతలు ఆమె పనికి అడ్డొస్తాయని ప్రభుత్వానికి అనిపిస్తే చాలు, రాజీనామా చేయమనవచ్చు. 18వ రూల్‌లోని నాలుగో భాగం: పెళ్ళైన ఏ స్త్రీకీ ఈ సర్వీసులో నియామకం పొందే హక్కు ఉండదు.

‘అనిపిస్తే’ అన్నచోట ఒక్క క్షణం ఆగండి. నిరూపణ అయితే అని లేదు. అడ్డొచ్చినప్పుడు అని కూడా లేదు. అడ్డురావచ్చని అనిపిస్తే చాలు.

ముత్తమ్మ పెళ్ళి చేసుకోలేదు. పారిస్‌తో మొదలుపెట్టి ఎన్నో చోట్ల పనిచేసి, 1970లో హంగరీకి రాయబారి అయింది. సర్వీసు ద్వారా ఎదిగి రాయబారి అయిన మొదటి భారతీయ మహిళ ఆమే. తర్వాత ఘనా, ఆ తర్వాత నెదర్లాండ్స్. పై గ్రేడు పదోన్నతి దగ్గర మాత్రం ప్రతిభ చాలదన్నారు. ఆమె నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రిటైర్మెంట్‌కు దగ్గరపడుతున్న రాయబారి, తాను పనిచేస్తున్న ప్రభుత్వం మీద వ్యాజ్యం వేసింది! నలభై ఐదేళ్ళకు పైబడిన సంగతి, ఇప్పటికీ తలుచుకుంటే ఆ ధైర్యానికి నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

వ్యాజ్యం నడుస్తుండగానే పదోన్నతి ఇచ్చేశారు. 18వ రూల్‌లోని ఆ భాగాన్ని అప్పటికే తీసేశామని, రెండోదాన్నీ తీసేస్తున్నామని ప్రభుత్వం చెప్పింది. 1979 సెప్టెంబర్ 17న జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ శింఘాల్ ధర్మాసనం తీర్పు చెప్పింది. రాసింది కృష్ణయ్యర్. పెళ్ళైన మగవాడికి లేని అడ్డు పెళ్ళైన ఆడదానికి ఎందుకుండాలి, ఇంటి బాధ్యత పనికి అడ్డొస్తుందంటే అది మగవాడికీ రావచ్చు కదా అని అడిగాడు. ఆ రూల్స్‌లో స్త్రీ ద్వేషపు వాసన ఉందని దాచుకోకుండా అన్నాడు. ఎవరో ఒకరు రిట్ వేసేదాకా ఆగకుండా అన్ని సర్వీసు రూల్సునూ వెతికి ఈ మరకను కడుక్కోమని ప్రభుత్వానికి చెప్పాడు. ఆమె సీనియారిటీని మళ్ళీ పరిశీలించమన్నాడు. ఇంత చెప్పి, ఆమె పిటిషన్‌ను కొట్టేశాడు. అడిగిన పదోన్నతి వచ్చేసింది కాబట్టి ఇక తేల్చాల్సింది లేదని.

ఇంకో మాట కూడా ఉంది అందులో, మెచ్చుకునేవాళ్ళు దాన్ని దాటేస్తారు. స్త్రీపురుషులు అన్ని పనుల్లోనూ అన్ని పరిస్థితుల్లోనూ సమానమని తాము అనడం లేదని, కొన్ని చోట్ల ఎంపికలో తేడా తప్పకపోవచ్చని రాశాడు. నాకు ఆ వాక్యం దగ్గర మనసు ఆగిపోతుంది. తలుపు తెరిచిన చెయ్యే గొళ్ళెం దగ్గర కొంచెం సందు వదిలిపెట్టింది. ముప్పై నిండాలన్న షరతు లాంటివి ఆ సందులోంచే వస్తాయి. ఒకరికి పెళ్ళికి అనుమతి, ఒకరికి కూలికి అనుమతి. ఒకామె రాయబార కార్యాలయంలో బల్లకు ఇటువైపు కూర్చునేది, ఒకామె పాస్‌పోర్టు లేకుండా ఆ కార్యాలయం గేటు దగ్గర నిలబడేది. ఇద్దరి గురించీ రాసిన కలం ఒక్కలాగే ఆలోచించింది. ఆడమనిషి మంచిచెడ్డలు ఆమెకన్నా ప్రభుత్వానికి బాగా తెలుసని.

పక్క బల్ల అమ్మాయిలు వాదన ఆపి మీ ముందున్న పేజీ చూశారు. “ముత్తమ్మా?” అంది ఒకామె, ఇంటి మనిషిని అడిగినట్టు. రాజ్యాంగం 14, 15, 16 అధికరణాల పాఠం దాటిన ఎవరికైనా ఆ పేరు పరిచయమే. మీరు విదేశాంగ సర్వీసుకు వెళ్తారా అని అడిగితే ఒకామె నవ్వి ఊరుకుంది. రెండో ఆమె, “పరీక్ష ఈ ఏడాదే రాస్తున్నా,” అంది. వాళ్ళింట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్నారట. అయినా ఎవరి అనుమతీ రాతపూర్వకంగా అక్కర్లేదు.

ముత్తమ్మ 2009లో చనిపోయింది. అప్పటికి చోకిలా అయ్యర్ 2001లోనే మొదటి మహిళా విదేశాంగ కార్యదర్శి అయ్యింది, నిరుపమా రావు ఆ కుర్చీలో ఉంది. తర్వాత విదేశాంగ మంత్రిగా సుష్మా స్వరాజ్ వచ్చింది, తెలంగాణ వాళ్ళకు చిన్నమ్మ. గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ళు ట్విట్టర్‌లో రెండు ముక్కలు రాస్తే పలికిన మంత్రి. ఆమె పలికినప్పుడు ఊళ్ళల్లో పండగ చేసుకున్నారు. కానీ మంత్రి మనసును బట్టి కాకుండా, మంత్రి ఎవరైనా సరే పలకాల్సిన ఏర్పాటు ఉండాలి. స్వీడన్‌ను చూడండి. అక్కడ ప్రధానిగా పనిచేసిన ఓలోఫ్ పామె తన నిరాయుధీకరణ కమిషన్‌లోకి భారతదేశం నుంచి తీసుకున్నది మన ముత్తమ్మనే. ఆ దేశమే 2014లో మార్గోట్ వాల్‌స్ట్రోమ్ మంత్రిగా ఉండగా, తమది స్త్రీవాద విదేశాంగ విధానమని ప్రపంచంలో మొదటిసారి ప్రకటించింది. హక్కులు, ప్రాతినిధ్యం, వనరులు అని మూడు కొలతలు పెట్టుకుంది. 2022లో ప్రభుత్వం మారింది, కొన్ని రోజులకే ఆ పేరు తీసేశారు. పేరు తీసేయడం సులువు. రూల్ పుస్తకంలో ఎక్కినదాన్ని తీయాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, జవాబు చెప్పాలి.

మధ్యాహ్నం. రాజీవ్ రహదారి దాటి తుర్కపల్లి వైపు వెళ్దాం. రెండువైపులా ఎత్తైన ప్రహరీలు, గేట్ల దగ్గర కెమెరాలు, లోపల చెట్ల మధ్య తెల్ల భవనాలు. 1999లో జీనోమ్ వ్యాలీ అని పేరు పెట్టిన ప్రాంతం ఇది. టీ బండి దగ్గర నిలబడండి. లోపలికి మనల్ని పోనివ్వరు, పోనక్కర్లేదు కూడా. ఇక్కడి నుంచే కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళొచ్చు.

2020 డిసెంబర్ 9. ఈ రోడ్డు మీద బస్సులు వరసగా వస్తున్నాయి. లోపల 64 దేశాల రాయబారులు, హైకమిషనర్లు. విదేశాంగ శాఖ వాళ్ళందరినీ ప్రత్యేక విమానంలో ఢిల్లీ నుంచి తీసుకొచ్చింది. భారత్ బయోటెక్, బయోలాజికల్ ఈ, ఈ రెండూ చూపించడానికి. కొవాగ్జిన్‌కు ఇంకా అనుమతి రాలేదు, మూడో దశ పరీక్షలు నడుస్తున్నాయి. ప్రపంచమంతా మూతికి మాస్కు కట్టుకుని టీకా కోసం ఎదురుచూస్తోంది. అన్ని దేశాల జెండాలు ఒక్కసారే ఒక మండలానికి రావడం శామీర్‌పేట అంతకుముందు చూసి ఉండదు. వాళ్ళు చూడటానికి వచ్చిన రెండు సంస్థల్లో ఒకదాన్ని భర్తతో కలిసి 1996లో మొదలుపెట్టింది సుచిత్రా ఎల్లా. రెండోదానికి మేనేజింగ్ డైరెక్టర్ మహిమా దాట్ల, 1953లో ఆ కంపెనీని స్థాపించిన కుటుంబంలో మూడో తరం.

మూడు నెలలు గడిచాయి. 2021 మార్చి 12న క్వాడ్ దేశాల నేతల మొదటి సమావేశం, తెరల మీద. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, భారత్. నలుగురూ మగవాళ్ళే. 2022 చివరికి 100 కోట్ల డోసులు తయారు చేయిస్తామన్నారు. ఆ పని పెట్టింది మహిమా దాట్ల నడిపే కంపెనీ మీద. అక్కడ సీసాలను వెలుగుకు పెట్టి చూసే కళ్ళ గురించి ఆ ప్రకటనలో ఒక్క ముక్క లేదు, ఉంటుందని ఎవరూ అనుకోరు కూడా. ఆ లెక్క అనుకున్నట్టు పూర్తి కాలేదు. ఆ కంపెనీ టీకా కార్బెవ్యాక్స్‌కు 2021 డిసెంబర్ 28న అనుమతి వచ్చింది. 2022 మార్చి 16 నుంచి మన పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వేసింది అదే. టెక్సస్‌లో ఆ టీకాకు మూలరూపం తయారు చేసిన ఇద్దరిలో ఒకరు మరియా ఎలెనా బొటాజి, హోండురాస్ మూలాలున్న శాస్త్రవేత్త.

నాకు ఇంకా ఇష్టమైన సంగతి ఒకటుంది. 2019లో భారత్, పాకిస్తాన్ మధ్య వాణిజ్యం ఆగిపోయింది. ఆ నవంబర్‌లోనే పాకిస్తాన్ సింధ్‌లో పిల్లలకు టైఫాయిడ్ టీకా వేయడం మొదలుపెట్టింది. కొత్త రకం టైఫాయిడ్ టీకాను ఒక దేశం తన టీకాల పట్టికలో చేర్చడం అదే మొదటిసారి. ఆ టీకా భారత్ బయోటెక్ వాళ్ళ టైప్‌బార్-టీసీవీ. రెండు దేశాల పెద్దలు మాట్లాడుకోని రోజుల్లో ఒక అమ్మ కళ్ళముందు తిరిగిన సీసా ఇంకో అమ్మ చంటిపిల్లాడి దాకా చేరింది.

రెండున్నర. షిఫ్టు మారే వేళ. గేటులోంచి బారులు తీరి వస్తున్నవాళ్ళలో పొద్దుటి అమ్మాయి కూడా ఉంది. మిమ్మల్ని గుర్తుపట్టి, టీ తాగడానికి ఆగింది. కళ్ళు కాస్త ఎర్రబడ్డాయి. సీసాలో పోగు కనిపించాక ఏం చేస్తారని అడిగితే, పక్కన పెడతారు, లెక్క రాస్తారు అంది. ప్రతి సీసా మీదా బ్యాచ్ నంబర్ ఉంటుంది. రేపు ఎక్కడో ఏదో తేడా వస్తే ఆ నంబర్ పట్టుకుని వెనక్కి రావచ్చు. ఏ రోజు నింపారు, ఏ బల్ల మీద చూశారు, ఏ చల్లటి పెట్టెలో ఏ విమానం ఎక్కింది, అన్నీ దొరుకుతాయి. “నేను చూసిన బ్యాచ్ ఎటు పోయిందో నాకు తెల్వదు గానీ, కంపెనీకి తెలుస్తది,” అంది.

ఔటర్ మీది ఆ లారీలు గుర్తున్నాయా? రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో సీసాలు శంషాబాద్ పోయే దారీ, విజిట్ వీసా చేతపట్టుకుని పెద్దావిడ చెల్లెలి బిడ్డ పోయిన దారీ ఒకటే. సీసా ఏ దేశంలో ఉందో వెతికి పట్టుకోవచ్చు. ఆ అమ్మాయి మస్కట్‌లో ఏ వీధిలో ఏ ఇంట్లో ఉందో మన రాయబార కార్యాలయం దగ్గర కాగితం ముక్క లేదు. మనకు చేతకాక కాదు. 2007లో ఐక్యరాజ్య సమితి తరఫున లైబీరియాకు అందరూ ఆడవాళ్ళే ఉన్న పోలీసు దళాన్ని పంపిన మొదటి దేశం మనది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ గురించి సౌదీతో 2014లో ఒప్పందం కూడా చేసుకున్నాం. కానీ ఆ ఒప్పందాలు అనుమతితో వెళ్ళినవాళ్ళకే అక్కరకొస్తాయి.

ఫిలిప్పీన్స్ మనకన్నా చిన్న దేశం. ఇళ్ళల్లో పనికి పోయే తమ ఆడవాళ్ళకు నెలకు 400 డాలర్లకు తక్కువైతే ఒప్పుకునేది లేదని ఏళ్ళుగా పట్టుబట్టింది. 2018లో కువైట్‌లో తమ పౌరురాలి హత్య బయటపడ్డాక మనుషుల్ని పంపడం ఆపేసింది. ఆ మే నెలలో కువైట్ దిగివచ్చి సంతకం పెట్టింది. ఆ ఒప్పందంలో ఏముందో చూడండి. పాస్‌పోర్టు పనిమనిషి దగ్గరే ఉండాలి. ఫోన్ ఆమె దగ్గరే ఉండాలి. రెండు దేశాలు ఎదురెదురుగా కూర్చుని, ఒక పనిమనిషి చేతిలో ఫోన్ ఉండాలా వద్దా అని మాట్లాడుకుని, ఉండాలి అని రాసుకున్నాయి. ఆ బల్ల దగ్గర ఎవరో ఒకరు వంటింట్లోకి తొంగిచూసి ఉంటారు. విదేశాంగంలో స్త్రీ దృక్పథం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఆ ఫోన్ చూపిస్తాను.

నాలుగు దాటింది. శామీర్‌పేట బస్టాప్. సీతాఫలాల గంపల పక్కన, అరుగు మీద పెద్దావిడ కూర్చుని ఉంది. పొద్దుటి కవరు ఒళ్ళోనే ఉంది. మిమ్మల్ని చూసి చేయి ఊపింది.

“ఇచ్చొచ్చిన. సారు సదివిండు. హైదరాబాద్ పంపుతరట, ఆడికెల్లి ఢిల్లీకట, ఆడికెల్లి ఎంబసీకట. ప్రజాభవన్‌ల గల్ఫోళ్ళకు వేరె ప్రజావాణి ఉన్నదట, గాడ గుడ ఇయ్యమన్నరు. రేపు పోత.”

తర్వాత కవరులోంచి చిన్న చీటీ తీసింది. రసీదు. దాని మీద ఒక నంబరు.

“గిది సదువు బిడ్డా, ఎన్ని అంకెలున్నయో సూడు. ఫోన్ జేసి గీ నంబర్ చెప్తే ఎందాక పోయిందో చెప్తరట.”

మీరు ఒక్కో అంకె మెల్లగా చదువుతారు. ఆమె వెంట చెబుతుంది. మధ్యలో ఒకచోట తప్పి, మళ్ళీ మొదటినుంచి. మూడోసారికి తడబడకుండా వచ్చింది. చీటీని నాలుగు మడతలు పెట్టి, ఫోన్ వెనక రబ్బరు కవరు విప్పి, లోపల పెట్టి, బొటనవేలితో చుట్టూ నొక్కి మూసింది. మేడ్చల్ బస్సు వస్తోంది. లేస్తూ లేస్తూ కవరును ఇంకోసారి నొక్కి చూసుకుంది.